బ్యాకప్ కింద బ్యాకప్

ఆ ఫోల్డర్ ఖాళీగా ఉండాలి. పాత సర్వర్ నుంచి కొత్త సర్వర్‌కు మారుతున్నాం. పెద్ద డిస్కును విడదీశాను, ఇక అది ఇన్నాళ్లూ తగిలించి ఉన్న ఉత్త ఫోల్డర్‌ను తీసేస్తే పని అయిపోతుంది. దేన్నైనా తీసేసే ముందు ఒకసారి తెరిచి చూడడం అలవాటు కాబట్టి చూశాను. తెర నిండా పేర్లు కిందికి జారుతూ వచ్చాయి. అన్నీ పెళ్లిళ్ల పేర్లు. ఆగుతాయేమో అనుకున్నాను, ఆగలేదు. మధ్యాహ్నం వేళ, కిటికీ బయట రోడ్డు మీద ఎవరో కూరగాయల ఆటో మైకులో అరుస్తూ పోతున్నాడు, నాకు ఆ అరుపు తప్ప ఇంకేమీ వినిపించడం లేదు.

అవి అక్కడ ఎందుకున్నాయో అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమైన వెంటనే నా బావమరిది ముఖం గుర్తొచ్చింది.

వాడి సంగతి సిద్దిపేటలో ఫోటోల పని చేసేవాళ్లందరికీ తెలుసు. తెలిసింది తప్పు. అలా తెలియజేసినవాణ్ణి నేను.

నా పని ఏమిటో చెప్పాలి. మా ఇంటి పైగదిలో కూర్చుని, హైదరాబాదులో ఎక్కడో ఉన్న కిరాయి సర్వర్లను చూసుకుంటాను. వాటిని ఎన్నడూ కళ్లారా చూసింది లేదు. సిద్దిపేట, గజ్వేల్, మద్దూరు, ధూళిమిట్ట వైపు ఫోటో స్టూడియోలవాళ్లు పెళ్లి ఫోటోలు, వీడియోలు వాటిలోకి పంపుతారు. ఇప్పటి పెళ్లి మునుపటిలా ఒక ఆల్బమ్‌తో పోదు. హల్దీ నుంచి బరాత్ దాకా, పైన డ్రోన్, కింద నలుగురు కెమెరావాళ్లు. ముహూర్తాల కాలంలో డిస్కు ఎంత నిండింది, ఇంకెంత చోటుంది అని కనిపెట్టుకుని ఉండడమే నాకు సగం పని. మోటారు వేసినవాడు ట్యాంకు పొర్లుతుందేమోనని చెవి అటే పెట్టుకుని ఉన్నట్టు ఉంటుంది.

పాత సర్వర్‌లో రెండు డిస్కులు ఉండేవి. కొత్తగా వచ్చే ఫోటోలు ముందు చిన్న డిస్కులో పడతాయి. తెల్లవారుజామున నేను రాసిన ప్రోగ్రాం వాటికి ఒక నకలు తీసి బ్యాకప్ అనే ఫోల్డర్‌లో పెడుతుంది. ఆ ఫోల్డర్‌కు పెద్ద డిస్కు తగిలించి ఉంటుంది కాబట్టి నకళ్లు పెద్ద డిస్కులోకి పోతాయి. ఏ కారణం చేతనైనా పెద్ద డిస్కు తగిలి లేకపోతే ఆ ఫోల్డర్ చిన్న డిస్కులోని ఒక మామూలు ఫోల్డరే. నకళ్లు పెట్టే ముందు పెద్ద డిస్కు తగిలి ఉందా లేదా అని చూసే మాట ఒకటి ప్రోగ్రాంలో రాయాలి. నేను రాయలేదు. ఎప్పుడూ తగిలే ఉంటుంది గదా అనుకున్నాను.

బావమరిది అంటే నా భార్య తమ్ముడు. డిగ్రీ చేసి ఖాళీగా ఉంటే పనిలో పెట్టుకున్నాను. స్టూడియోల నుంచి ఫోటోలు వచ్చాయో లేదో చూసి, వాట్సాప్ గ్రూపులో "ఖాళీ చేసుకోండి" అని రాయడం వాడి పని. ఆ రెండు మాటల కోసం కెమెరావాళ్లు కాచుకుని ఉండేవాళ్లు. ముహూర్తం మీద ముహూర్తం ఉన్నప్పుడు మెమరీ కార్డులు చాలవు. ఇవాళ్టి పెళ్లి కార్డు ఖాళీ అయితేనే రేపటి పెళ్లికి కెమెరా కదులుతుంది. వాడు "ఖాళీ" అంటే తుడిచేస్తారు, అనకపోతే ఎంత పెద్ద పెళ్లి ఆగినా ముట్టరు. ఇది ఎవరూ కాగితం మీద రాసుకున్న నియమం కాదు, అలా నడిచిపోయింది.

గ్రూపులో రోజంతా వాళ్ల కీచులాటలు వాయిస్ మెసేజీలుగా మోగేవి.

"తమ్మీ, ఖాళీనా?"

"ఆగు అన్నా, ఇంక సగం గూడ ఎక్కలే."

"నీ సర్వర్ బర్రె లెక్క నడుస్తుందిరా బై."

"బర్రె అయితే పాలన్న ఇస్తది అన్నా. గిది గది గూడ ఇయ్యది."

వాడు అలా నవ్విస్తూ ఉండేవాడు. పనిలో ఉన్నన్నాళ్లూ మా పైగదిలో నవ్వు ఉండేది.

కొన్నేళ్ల కిందట వేసవి ముహూర్తాల్లో సర్వర్ ఉన్న చోట ఏదో మరమ్మతు చేసి మిషన్లను ఆపి మళ్లీ వేశారు. మాది వేసినప్పుడు పెద్ద డిస్కు తగులుకోలేదు. కొద్ది రోజుల తర్వాత గాని నేను చూడలేదు. చూడగానే తగిలించాను, పని మళ్లీ సరిగా సాగింది, అంతటితో మరిచిపోయాను. మరిచిపోదగ్గ విషయమే అనుకున్నాను.

ఆ తర్వాత నుంచే చిన్న డిస్కు ఊరికే నిండుతున్నదని ఫోన్‌కు హెచ్చరికలు రావడం మొదలైంది. నూటికి తొంభై పాళ్లు దాటితే ఫోన్ గట్టిగా కూసేట్టు నేనే పెట్టుకున్నాను. ఒకనాడు చుట్టాల పెళ్లిలో బంతిలో కూర్చున్నాను. విస్తట్లో అన్నం పడకముందే ఒకసారి, పప్పు దగ్గర ఒకసారి, చారు దగ్గర ఒకసారి కూసింది. పక్కనున్న పెద్దాయన "ఏందయ్య, బువ్వ గూడ తిననియ్యదా నీ నౌకరి?" అన్నాడు. సిగ్గనిపించింది. ముహూర్తాల రద్దీ తగ్గితే అదే సర్దుకుంటుందిలే అని ఆ హెచ్చరికను ఆపేశాను. మళ్లీ వేయలేదు.

డిస్కు పూర్తిగా నిండితే ఒక విడ్డూరం జరుగుతుంది. ఫైలు పేరు రాసుకోవడానికి రవ్వంత చోటు దొరుకుతుంది, లోపల మాత్రం ఏమీ పట్టదు. మద్దూరు పక్క ఒక పెళ్లి ఫోటోలు అలాగే వచ్చాయి. పేర్లన్నీ వరసగా ఉన్నాయి. ఒక్క బొమ్మ కూడా లేదు. బావమరిది పేర్లు చూసి, అన్నీ వచ్చాయనుకుని "ఖాళీ చేసుకోండి" అని రాశాడు. అలాగే చూడమని వాడికి నేర్పింది నేను. కెమెరామన్ కార్డు తుడిచి ధూళిమిట్టలో ఇంకో పెళ్లికి పోయాడు. అదే కార్డు మీద ఆ పెళ్లి తీశాడు.

పోయింది మామూలు పెళ్లి కాదు. పెళ్లికూతురి నాయిన దవాఖానలో ఉంటే, బిడ్డ కాళ్లు కడగడానికని ఒక పూట అడిగి తీసుకొచ్చారట. కాళ్లు కడిగాడు, అప్పగింతలు చేశాడు, మళ్లీ దవాఖానకు పోయాడు. తర్వాత ఎక్కువ కాలం లేడు. ఆయన కల్లు గీసేవాడు, ఫోటోలు దిగే మనిషి కాదు. ఉన్న మంచి ఫోటోలన్నీ ఆ పెళ్లిలోవే.

సంగతి తెలిసిన రోజు నేను సర్వర్ తెరిచి చూశాను. డిస్కు నిండిపోయిందని ఒక లెక్క చెప్తున్నది. ఫోల్డర్లన్నీ ఒక్కొక్కటిగా కూడితే సగం కూడా లేదని ఇంకో లెక్క చెప్తున్నది. ఈ రెండూ ఎందుకు కలవడం లేదో చూడడమే నా వృత్తి. నేను చూడలేదు. బావమరిది ఫోల్డర్‌లో రెండు సినిమాలు కనిపించాయి.

"ఇవేందిరా?"

వాడి మొహం తెల్లబోయింది. "రెండే బావా. చూసి తీసేద్దామనుకున్న."

రెండు సినిమాలతో ఆ డిస్కులో ఒక మూల కూడా నిండదు. ఆ సంగతి నాకు ఆ క్షణంలోనే తెలుసు. కానీ కనిపెట్టుకుని ఉండాల్సిన నువ్వేం చేస్తున్నావని ఎవరైనా అడిగితే, బంతిలో కూర్చుని హెచ్చరిక ఆపేశానని చెప్పాలి. ఎవరూ అడగకముందే ఒక మనిషిని చూపించాలనిపించింది. పక్కనే ఉన్నాడు.

ముహూర్తాలు అయిపోయాక స్టూడియోలవాళ్లంతా ఊరి బయట మామిడితోటలో దావత్ చేసుకున్నారు. మద్దూరు పెళ్లి మాట వచ్చింది. ఎవరి తప్పని అడిగారు. నేను అందరికీ వినబడేట్టు అన్నాను. "ఏం చెప్పాలె? మావోడు సర్వర్ల సిన్మాలు నింపిండు."

తోట దద్దరిల్లేట్టు నవ్వారు. "అరె, మనం పెండ్లిళ్లు పంపుతుంటే ఈడు థియేటర్ నడుపుతుండు!" అని ఎవరో అన్నారు. బావమరిది మటన్ వేసుకున్న ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ప్లేటు చెట్టు మొదట్లో పెట్టి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి వాడి పేరు సిన్మాలోడు. ఏ స్టూడియోలో పని అడిగినా "సిన్మాలోడా? వద్దుతియ్" అనే మాటే. వాడు గజ్వేల్ పక్క ములుగు దగ్గర ఒక నర్సరీలో మొక్కల పనికి కుదిరాడు. మా ఇంటికి రావడం తగ్గించాడు.

నేను ఆ రెండు సినిమాలు తీసేశాను. పాత పెళ్లిళ్లు కొన్ని జరిపాను. చోటు దొరికింది. ఇన్నేళ్లూ ఆ రెండు లెక్కల తేడా అలాగే ఉంది. దాన్ని పక్కనే పెట్టుకుని బతికాను.

ఇప్పుడు పెద్ద డిస్కును విడదీస్తే ఆ తేడా నా ముందు పరుచుకుంది. ఆ ఏడు పెద్ద డిస్కు తగలని రోజుల్లో నా ప్రోగ్రాం నకళ్లన్నీ చిన్న డిస్కులోనే, ఆ ఫోల్డర్‌లోనే కుక్కింది. తర్వాత నేను పెద్ద డిస్కు తగిలించగానే అవి దాని కింద మూతపడ్డాయి. పాడుబావి మీద బండ పరిచి, దాని మీద ఇల్లు కట్టుకున్నట్టే. పైనుంచి చూసేవాడికి ఇల్లే కనిపిస్తుంది. బావి మాత్రం ఎక్కడికీ పోదు. ఆ బండ వేసింది నా చేతులే.

ముందు చేసిన పని మద్దూరు పెళ్లి కోసం వెతకడం. ఉందేమోనని పైనుంచి కిందికి ఒక్కో పేరూ చదివాను. లేదు. ఉండే వీలు కూడా లేదు, ఆ పెళ్లి వచ్చేసరికే డిస్కు నిండింది. అక్కడున్నవన్నీ వేరే చోట భద్రంగా ఉన్న పెళ్లిళ్లే, ఈ నకళ్లు ఒక్కటైనా ఎవరికీ అవసరం లేదు. అన్నిచోట్లా ఉన్న పెళ్లిళ్లు కలిసి, ఎక్కడా లేని ఒక పెళ్లికి చోటు లేకుండా చేశాయి.

కిందికి దిగి వచ్చాను. నా భార్య వంటింటి గడప దగ్గర చింతపండు ముందేసుకుని గింజలు తీస్తున్నది. చెప్పాను. డిస్కు సంగతి, హెచ్చరిక ఆపిన సంగతి, రెండూ చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"అంటే మా తమ్ముడు చెయ్యలేదా?"

"లేదు."

"సిన్మాలతోని కాలేదా?"

"కాలేదు. గా దినం గూడ నాకెర్కనే."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "నువ్వు చెప్తే నేను నమ్మిన. ఆడు నా తోడవుట్టినోడు, ఆన్ని నమ్మలే. మా అవ్వ నన్ను అడిగింది, నిజమేనా బిడ్డా అని. నిజమే అని చెప్పిన. నా నోటితోని చెప్పిన." చింతపండు పీచు అంటిన చేతుల్ని చూసుకుంది. "ఇంక గీ ముచ్చట నాకెందుకు చెప్తున్నవ్? యాడ అన్నవో ఆడ చెప్పు పో."

మళ్లీ చింతపండు ముట్టలేదు. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు.

మామిడితోటలో ఉన్నవాళ్లంతా మళ్లీ ఒకచోట చేరింది, సిద్దిపేట బస్టాండు వైపు ఒకతను కొత్త స్టూడియో తెరిచిన రోజున. కొబ్బరికాయ కొట్టారు, పులిహోర పంచారు. నన్ను చూసి ఒకతను అన్నాడు, "ఏంది, సర్వర్ సార్ మొకం గట్ల పెట్టిండు? డిస్కు నిండిందా?"

"నిండింది. గదే చెప్పనీకె వచ్చిన."

చెప్పాను. బండ కింద బావి సంగతి చెప్పాను. బంతిలో ఫోన్ నోరు మూయించిన సంగతి చెప్పాను. రెండు సినిమాలతో ఏమీ కాదని తెలిసే వాడి మీద పెట్టానని చెప్పాను. మద్దూరు పెళ్లి తీసిన కెమెరామన్ గోడకు ఆనుకుని ఉన్నాడు, నెమ్మదిగా నిటారుగా నిలబడ్డాడు.

"మరి నేను ఆన్ని ఫోన్ల ఎన్ని మాటలన్న! అవ్వను, అయ్యను గలిపి తిట్టిన గదనే. ఆడు ఒక్క మాట మర్లవడలే."

పక్కనున్న ఒకతను నవ్వించబోయాడు. "అయితే ఇయ్యాల్టి సంది సిన్మాలోడు ఎవలు మల్ల? నువ్వేనా అన్నా?"

"నేనే," అన్నాను. ఎవరూ నవ్వలేదు. కొత్త స్టూడియో అతను నా చేతిలో ప్రసాదం పెట్టబోయి, ఏమనుకున్నాడో, పక్కవాడికి ఇచ్చాడు.

మర్నాడు ములుగు పోయాను. బావమరిది నర్సరీలో గొనెసంచి మీద కూర్చుని, నల్లటి ప్లాస్టిక్ సంచుల్లో ఎర్రమట్టి నింపుతున్నాడు. తలపాగా చుట్టుకున్నాడు. నన్ను చూసి లేచాడు, చేతులు దులుపుకున్నాడు.

"ఫోన్ వచ్చింది బావా," అన్నాడు నేను నోరు తెరవకముందే. "ముగ్గురు నలుగురు చేసిన్రు. మద్దూరు పెండ్లి తీసిన అన్న ఏడ్సిండు."

"నేనే అందరి ముందట చెప్పిన. నా తప్పే అని."

"నిజమేనా?"

వాడు అడిగిన తీరు నాకు అర్థం కాలేదు. "నిజమే. నిన్ను ఖుష్ జెయ్యనీకె చెప్పింది గాదు."

"గట్ల గాదు బావా. నిజంగనే నేను చెయ్యలేదా?"

అప్పుడు వాడి ముఖం చూశాను. వాడు నన్ను నిలదీయడం లేదు. తెలుసుకోవాలని అడుగుతున్నాడు.

"రెండే సిన్మాలని నీకెర్కలేదారా? నువ్వే చెప్తివి గద."

"చెప్పిన. కని నువ్వు గట్ల అన్నంక నాకే అనుమానం వచ్చింది. నీకు తెల్వకుంట అంటవా? రెండనుకున్న గని పది పెట్టిన్నేమో, తీసేసినయి సరిగ పోలేదేమో అనుకున్న. ఎంత యాది జేసుకున్నా గుర్తు రాలే. ఇంక నేనే జేసిన అనుకున్న." మట్టిచేత్తో ముఖం తుడుచుకున్నాడు. చెంప మీద ఎర్రటి చార పడింది. "గప్పటి సంది కంప్యూటర్ ముట్టాలంటె భయం బావా. ముడితె ఎవలిదో ఏదో పోతదని."

నేను వాడి పరువు తీశానని మాత్రమే అనుకుంటూ వచ్చాను. వాడు నన్ను తిట్టుకుంటూ ఉంటాడని, నేను అబద్ధమాడానని వాడికి తెలుసునని, ఎప్పుడైనా కాలర్ పట్టుకుంటాడని అనుకున్నాను. వాడు ఇన్నేళ్లూ నన్ను నమ్మాడు. తనను తాను నమ్మడం మానేసి నన్ను నమ్మాడు.

"మద్దూరు గూడ పోయిన," అన్నాడు వాడు. "ఆ పెద్దమనిషి సచ్చిపోయిండని తెలిసినంక. ఫోటోలు నా తోనే పోయినయి అవ్వా అని చెప్పి కాళ్లు మొక్కిన. ఇప్పుడు గా మొక్కు ఎవలు వాపస్ ఇస్తరు నాకు?"

వాడు తలపాగా విప్పి భుజాన వేసుకున్నాడు. "బండి తెచ్చినవ్ గద. పోదాం పా. ఆడ గూడ చెప్పు."

మద్దూరు దాకా నా వెనక కూర్చున్నాడు.

ఆ ఇంట్లో పెళ్లికూతురి తల్లి ఒక్కతే ఉంది. వాకిట్లో వడ్లు ఎండబోసి కోళ్లను తోలుతున్నది. వాణ్ణి గుర్తుపట్టింది. నేనెవరో చెప్పాను. మీ ఇంటి పెళ్లి ఫోటోల గురించి వచ్చామన్నాను. అంతవరకే అన్నాను. చేతిలో కట్టె కింద పడేసి నా దగ్గరికి వచ్చింది.

"దొరికినయా?"

ఆ మాట నేను ఊహించలేదు. దారి పొడుగునా ఏం చెప్పాలో అల్లుకుంటూ వచ్చాను గాని, ఆమె మొదట ఇది అడుగుతుందని తట్టలేదు.

"దొరకలే అవ్వా. దొరకయి."

ఆమె కళ్లలో వచ్చిన వెలుగు పోవడం నా కళ్లముందే జరిగింది. "మరి దేనికొచ్చిన్రు?"

"ఈన తోని పోలేదని చెప్పనీకె. తప్పు నాది. నేను సూస్కోవాల్సింది సూస్కోలే. ఈన మీద వెట్టిన."

డిస్కుల గురించి ఏమీ అడగలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు. వాడి వైపు తిరిగింది.

"మరి నువ్వెందుకు మొక్కినవ్ బిడ్డా?"

"నేనే జేసిన అనుకున్న అవ్వా."

"అనుకున్నవా!" చెంపమీద చెయ్యి పెట్టుకుంది. "ఓరి నాయినా. అనుకొని వచ్చినవా గా దినం! నేను నిన్ను గడప గూడ దాటనియ్యలే. శాపాలు వెట్టిన. ముద్ద మింగుడు వడదురా నీకు అన్న."

వాడు తల వంచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఆమె వాడి రెక్క పట్టుకుని లోపలికి తీసుకుపోయి మంచం వాల్చి కూర్చోబెట్టింది. చెంబుతో నీళ్లు తెచ్చి చేతిలో పెట్టింది. వాడు తాగేదాకా అక్కడే నిలబడింది. నన్ను రమ్మనలేదు, పొమ్మనలేదు. నేను గడప బయట నిలబడ్డాను.

తర్వాత ఆమె వాడి ఎదురుగా నేల మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. ఆ రోజు ఆయనను జీపులోంచి ఎట్లా దించారో, తలకు కొత్త రుమాలు కడతానంటే పాతదే కట్టుమన్నాడని, కాళ్లు కడిగేటప్పుడు బిడ్డ పాదం వదలనే లేదని, పెళ్లి చేయించే అయ్యగారు రెండుసార్లు చెప్పాల్సి వచ్చిందని. వాడు చెంబు ఒళ్లో పెట్టుకుని వింటున్నాడు. "ఏం రంగు రుమాలు అవ్వా?" అని అడిగాడు.

"ఎర్రంచుది బిడ్డా," అంది ఆమె. "తెల్లది, ఎర్రంచుది."